అండర్-13 ట్రయల్స్: మేం ఏం చూస్తాం, తీసుకున్నాక ఏం చేస్తాం

మా అండర్-13 ఫుట్‌బాల్ టీం ట్రయల్స్ జూన్‌లో, కానీ ఏప్రిల్ నుంచే వాట్సాప్‌లో మెసేజ్‌లు మొదలవుతాయి. అన్నా మావాడికి ఛాన్స్ ఉంటుందా, స్కూల్ టీంలో టాప్ స్కోరర్, స్పీడ్ మామూలుగా ఉండదు, వీడియో పంపనా, ఇలా. మాది బెంగళూరులో కేఆర్ పురం వైపు. టీంలో సగానికి పైగా మన తెలుగు పిల్లలే, అనంతపురం, కడప, చిత్తూరు, విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఐటీలోనో సొంత షాపుల్లోనో సెటిలైన కుటుంబాలు, మిగతావాళ్లు కన్నడ, తమిళ, మలయాళం ఇళ్ల పిల్లలు, గ్రౌండ్‌లో దిగాక మాత్రం నాలుగు భాషలూ కలిపేసి అరుచుకుంటారు. ప్రతి ఇంటికీ ఫోన్‌లో విడిగా చెప్పేదానికన్నా మేం ఎలా ఎంచుకుంటామో ఒకచోట రాసి పెడితే అందరికీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నా.

నా నమ్మకం ముందే చెప్పేస్తా. పన్నెండేళ్ల పిల్లాణ్ణి ఒక పొద్దున చూసి వీడు పెద్దయ్యాక ఆటగాడవుతాడా లేదా అని చెప్పడం ఎవరి వల్లా కాదు, ఎన్ని లైసెన్సులున్న కోచ్ వల్లా కాదు. చెప్పినదాన్ని ఎంత త్వరగా పట్టుకుంటున్నాడు, పట్టుకున్నదాన్ని ఆటలో పెడుతున్నాడా, అది చూడొచ్చు. మేం చూసేది అదే.

ట్రయల్స్ షీట్‌లో పేరు పక్కన మొదట రాసేది పుట్టిన నెల, పొజిషన్ ఆ తర్వాత. మన దగ్గర ఏజ్ గ్రూప్ కటాఫ్ జనవరి 1, అంటే జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూప్, మధ్యలో దాదాపు ఏడాది తేడా. ముప్పై ఏళ్ల మనిషికి ఏడాది లెక్కలోకే రాదు కానీ పన్నెండేళ్లోడికి అది చాలా పెద్దది, ఎత్తు, బరువు, కాలి బలం, ఎదుటోడి మీదికి వెళ్లే ధైర్యం అన్నీ మారిపోతాయి. 1985లో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్ట్ ఐస్ హాకీ టీంల లిస్టులు ముందేసుకుని పుట్టిన నెలలు లెక్కపెడితే, అక్కడా కటాఫ్ జనవరి 1 కాబట్టి, జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినోళ్లే ఎక్కువగా తేలారు. తర్వాత ఫుట్‌బాల్‌లో చూసినా అదే కథ, ఇంగ్లండ్‌లో కటాఫ్ సెప్టెంబర్ 1, అక్కడి అకాడమీల్లో సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ పిల్లలు ఎక్కువ. నెలల్లో మహిమేం లేదు, కటాఫ్ దాటగానే పుట్టినోళ్లు ఆ గ్రూప్‌లో పెద్దోళ్లు, కోచ్‌లు వాళ్లనే తీసుకుంటారు, వాళ్లకే మంచి ప్రాక్టీస్, మంచి మ్యాచ్‌లు దొరుకుతాయి, రెండేళ్లు తిరిగేసరికి వాళ్లు నిజంగానే ముందుంటారు, అప్పుడు చూశారా మేం అప్పుడే కనిపెట్టాం అంటారు. నాకు ఇందులో బాధ కలిగించేది డిసెంబర్ పిల్లాడి సంగతి, వాడు పదమూడుకే నాకు ఫుట్‌బాల్ రాదు అని నమ్మేసి ఆట మానేస్తాడు.

పుట్టిన నెల ఒక్కటే కాదు, ఒకే నెలలో పుట్టిన ఇద్దరిలో ఒకడికి పన్నెండుకే గొంతు మారి నూనూగు మీసం వస్తుంది, ఇంకోడు పదిహేను దాకా చిన్నపిల్లాడిలాగే ఉంటాడు. ఒక్కసారిగా ఎత్తు పెరిగే దశ మగపిల్లలకి సగటున 14 దగ్గర్లో, ఆడపిల్లలకి దానికి రెండేళ్లు ముందు. అందుకే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీల్లో బయో-బ్యాండింగ్ అని, వయసుని పక్కనపెట్టి ఎదుగుదలని బట్టి గ్రూపులు చేసి అప్పుడప్పుడు మ్యాచ్‌లు ఆడిస్తారు, పెద్ద ఒడ్డూపొడుగు ఉన్నోడికి బలం మీద గెలిచే దారి మూసుకుపోతుంది, చిన్నోడికి తన ఆట చూపించే వీలు దొరుకుతుంది. పిల్లాడి వయసు, ఎత్తు, బరువు, అమ్మానాన్నల ఎత్తు పెట్టి వాడు పెద్దయ్యాక ఎంత ఎత్తవుతాడో అంచనా వేసే ఖామిస్-రోష్ పద్ధతి ఒకటుంది, ఎక్స్‌రే ఏమీ అక్కర్లేదు. మా ఫారంలో మీ ఇద్దరి ఎత్తు ఎందుకు రాయమంటామని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, ఇందుకే. నాలుగు సెంటీమీటర్లు కలిపి రాయకండి, పిల్లాడి లెక్క తప్పుతుంది.

వయసు తగ్గించి సర్టిఫికెట్ తెచ్చే పని మాత్రం దయచేసి వద్దు. ఏఐఎఫ్ఎఫ్, అంటే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్, నడిపే యూత్ లీగ్‌ల దాకా వెళ్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, అక్కడ దొరికితే అవమానం పడేది పిల్లాడే.

2018 వరల్డ్ కప్ ఎంతమందికి గుర్తుందో. బెస్ట్ ప్లేయర్‌కిచ్చే గోల్డెన్ బాల్ మోడ్రిచ్‌కి, టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్ హ్యారీ కేన్‌కి, ఫైనల్‌లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ గ్రీజ్‌మన్‌కి. మోడ్రిచ్‌ని చిన్నప్పుడు క్రొయేషియాలో హైడుక్ స్ప్లిట్ క్లబ్ వాళ్లు బక్కగా ఉన్నాడని వద్దన్నారు, కేన్‌ని ఎనిమిదేళ్లకే ఆర్సెనల్ వదిలేసింది, గ్రీజ్‌మన్ పొట్టిగా ఉన్నాడని ఫ్రాన్స్‌లో ఒక్కో క్లబ్బూ వెనక్కి పంపితే చివరికి స్పెయిన్‌లో రియల్ సొసియెడాడ్ తీసుకుంది. అంత పెద్ద అకాడమీలు, అంతమంది స్కౌట్‌లు ఉన్నచోటే అలా ఉంటే మనం ఒక్క ఆదివారంలో తేల్చేయడం ఎలా కుదురుతుంది.

అందుకే మా ట్రయల్స్ వరసగా మూడు ఆదివారాలు. మొదటి ఆదివారం మేం నోరెత్తం. చిన్న గోల్‌పోస్టులు, నలుగురు నలుగురు చొప్పున టీంలు, పది నిమిషాలకోసారి టీంలు మార్చేస్తాం, షీట్ పట్టుకుని ఇద్దరం చెరో వైపు నిలబడతాం. నలుగురి ఆటలో దాక్కునే చోటు ఉండదు, ప్రతి ఒక్కడి దగ్గరికీ బాల్ వస్తూనే ఉంటుంది. పదకొండు మందితో పెద్ద గ్రౌండ్‌లో ఆడిస్తే ఎదిగిన పిల్లాడొకడు లాంగ్ బాల్ వెనక పరిగెత్తి నాలుగు గోల్స్ కొడతాడు, మిగతావాళ్లు ఆ ఆట మొత్తంలో బాల్ ముట్టుకునేదే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండో ఆదివారం ఒకే ఒక్క విషయం నేర్పుతాం, బాల్ కాలి దగ్గరికి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడటం, ఒళ్లు సగం తిప్పి నిలబడి బాల్ తీసుకోవడం. ఇంటి దగ్గర ప్రాక్టీస్ చెయ్యమని కూడా చెప్పం. మూడో ఆదివారం మళ్లీ మామూలు ఆటే, ముందు వారం నేర్పింది ఎవరి ఆటలో కనిపిస్తుందో చూస్తాం, అంతే.

పోయినసారి పదిహేడో నంబర్ బిబ్ (టీం తెలియడానికి షర్ట్ మీద వేసుకునే బనియన్) వేసుకున్న పిల్లాడు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాడు. నవంబర్‌లో పుట్టినోడు, బిబ్ మోకాళ్ల దాకా వేలాడుతోంది. మొదటి ఆదివారం వాడి దగ్గరికొచ్చిన బాల్ వచ్చినట్టే పోయింది, ఎవడో ఒకడు భుజం ఆనించి తోసేయడం, వీడు కింద పడటం, ఎర్రమట్టి దులుపుకుని మళ్లీ లేవడం. మూడో ఆదివారం ఎడమవైపు లైన్ దగ్గర నిలబడి ఉన్నాడు, బాల్ ఇంకా అవతల పిల్లాడి కాళ్ల దగ్గరే ఉంది, వీడు అప్పటికే రెండుసార్లు తల తిప్పి వెనకాల చూసుకున్నాడు. వెనక నుంచి వీడికి రెండింతలున్నోడు దూసుకొస్తున్నాడు. పాస్ వచ్చేసరికి వీడు బాల్‌ని ఆపనే లేదు, ఒళ్లు పక్కకి తిప్పి కుడికాలు లోపలి వైపు తగిలీ తగలనట్టు ఆనించాడు, బాల్ వాణ్ణి దాటి ముందున్న ఖాళీలోకి వెళ్లింది, ఆ దూసుకొచ్చినోడు ఏమీ దొరక్క తూలుకుంటూ లైన్ బయటికెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడిచ్చిన పాస్ ఎటో పోయింది, అదేం పర్లేదు, నేనూ అవతలి కోచూ మా మా షీట్లలో అప్పటికే టిక్ పెట్టేశాం. ఇప్పుడు మా మిడ్‌ఫీల్డ్‌లో వాడే.

ఇంకా చూసేవి ఉన్నాయి. బాల్ పోయిన తర్వాత మూడు సెకన్లు పిల్లాడేం చేస్తాడు, చేతులు నడుమ్మీద పెట్టుకుని నిలబడతాడా, వెనక్కి పరిగెడతాడా. పక్కోడు తప్పు పాస్ ఇస్తే వాడి మీద అరుస్తాడా, రా రా మళ్లీ ఇవ్వు అంటాడా. అర్థం కానిది అడుగుతాడా. షాట్ ఎంత గట్టిగా కొడతాడు, బాల్ కింద పడకుండా కాలితో ఎన్నిసార్లు ఎగరేస్తాడు (జగ్లింగ్) అనేవాటికి మా షీట్‌లో గడి లేదు. జగ్లింగ్ మంచిదే, ఇంట్లో చెయ్యనివ్వండి, కాకపోతే మీరు పంపే వీడియోల్లో ఎదురుగా ఎవ్వరూ ఉండరు. హెడింగ్, అంటే తలతో బాల్ కొట్టడం, అసలు చూడం, అమెరికాలో పదేళ్ల లోపు పిల్లలకి హెడింగ్ వద్దని 2015లోనే ప్రకటించారు, స్కాట్లాండ్‌లో పన్నెండు లోపు వాళ్లకి ప్రాక్టీస్‌లో 2020 నుంచి ఆపేశారు, తల దెబ్బలతో ఆటలాడే అవసరం మనకీ లేదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన రోజు, చెప్పే రోజు. లిస్టు గ్రూప్‌లో పెట్టడం మా దగ్గర లేదు. ఒక పిల్లాడు ఫోన్ పట్టుకుని పైనుంచి కిందకి తన పేరు వెతుక్కుంటూ, లేదని తెలిసి, ఆ ఫోన్ అమ్మకి తిరిగిచ్చే సీన్ ఎవరింట్లోనూ జరగకూడదు. అందరినీ టైం ఇచ్చి పిలుస్తాం, పిల్లాడూ పేరెంటూ ఇద్దరూ రావాలి, తీసుకున్నా తీసుకోకపోయినా అదే ఐదు నిమిషాలు. మాట్లాడేది పిల్లాడితో. నీలో మాకు ఇది నచ్చింది, ఇది ఇంకా రావాలి, దానికి ఇలా చెయ్యి, ఫలానా నెలలో మళ్లీ చూస్తాం. మూడు ఆదివారాలు చూశాక కూడా ఒక పిల్లాడి గురించి రెండు ముక్కలు నిర్దిష్టంగా చెప్పలేకపోతే ఆ షీట్ పట్టుకునే అర్హత మాకు లేనట్టే.

పోయినసారి ఒకాయన, కడప నుంచి వచ్చి ఇక్కడ హోటల్ నడుపుతున్నాడు, పిల్లాణ్ణి తీసుకోలేదని మేం చెప్పిందంతా విని, "అంటే ఫుట్‌బాల్ మాన్పించేయమంటావాన్నా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు, ఆదివారం పొద్దున హోటల్లో రద్దీ వదిలిపెట్టి పిల్లాణ్ణి తీసుకొచ్చే మనిషి. "అయ్యో అదేం లేదన్నా, బుధవారం సాయంత్రం పంపియ్, రెండో గ్రూప్‌కి అదే గ్రౌండ్, అవే డ్రిల్స్, మేమే నేర్పుతాం. డిసెంబర్‌లో రెండు గ్రూపుల్నీ కలిపి మళ్లీ ఆడిస్తాం" అన్నా. పిల్లాడు అంతసేపూ తల దించుకుని షిన్ గార్డ్ వెల్‌క్రో పీకుతూ పెడుతూ ఉన్నాడు, ఉన్నట్టుండి "అన్నా నేను గోల్ కీపింగ్ ట్రై చెయ్యొచ్చా" అన్నాడు. ఎందుకు చెయ్యకూడదు, ఆ బుధవారమే గ్లోవ్స్ వేసుకున్నాడు. రెండో గ్రూప్ అంటే వద్దన్నోళ్ల గుంపు కాదు, ప్రతి సీజన్‌లో అక్కడి నుంచి పైకి వచ్చేవాళ్లు ఉంటారు, ఆ దారి తెరిచి ఉందని పిల్లలకి కనబడాలి.

ఫీజు గురించి చెప్పే ముందు ఒక సైకిల్ అద్దె సంగతి చెప్పాలి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టిన టీంలో తులసీదాస్ బలరాం ఉన్నారు కదా, మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీస్‌కి హైదరాబాద్ రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకి రహీం సాబే తన చేత్తో ఇచ్చేవారని బలరాం గారే చెప్పుకునేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 నుంచి 1963లో పోయేదాకా ఇండియా టీంకి కోచ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన మనిషి. ఆయన ఆ రోజు సైకిల్ డబ్బులు ఇవ్వకపోతే ఏమయ్యేదో. మా దగ్గర కూడా ఫీజు కట్టలేని పిల్లలుంటారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి అబ్బాయి ఉన్నాడు, బట్టలు ఇస్త్రీ చేసే వాళ్ల అమ్మాయి ఉంది. ఫీజు గురించి ఎవరూ వెనకాడొద్దు, నాకు విడిగా ఒక్క మెసేజ్ పెట్టండి చాలు, మూడో మనిషికి తెలియదు.

తీసుకున్నాక ఏం చేస్తామంటే, మొదటి రూలు, మ్యాచ్‌కి వచ్చిన ప్రతి పిల్లాడూ కనీసం సగం టైం ఆడతాడు. ఫైనల్ అయినా ఇదే. దీనివల్ల మేం గెలవాల్సినవి కొన్ని ఓడిపోయాం, ఇంకా ఓడిపోతాం, పేరెంట్స్ దానికి సిద్ధపడి రావాలి. రెండో రూలు, ఈ వయసులో ఎవరికీ ఒకే పొజిషన్ ఉండదు. స్ట్రైకర్ అనుకుని వచ్చినోణ్ణి రెండు నెలలు వెనకాల ఆడిస్తాం, అక్కణ్ణుంచి గ్రౌండ్ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, ఆట చూడటం అలవాటవుతుంది.

నెలకోసారి రహీం సాబ్ మ్యాచ్ పెడతాం, మా పిల్లలు దానికి పెట్టుకున్న పేరు అది. ఆయన హైదరాబాద్‌లో వీక్ ఫుట్‌తో మాత్రమే ఆడాల్సిన టోర్నమెంట్లు, డ్రిబ్లింగ్ చెయ్యకుండా పాస్‌లతోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టించేవారు, అదే ఇక్కడ. కుడికాలోళ్లు ఎడమకాలితోనే ఆడాలి, తప్పితే బాల్ అవతలోళ్లకి. మొదటి సగం గంట చూడటానికి అస్సలు బాగోదు, బాల్స్ పక్క టర్ఫ్‌లోకి పోతుంటాయి, టీంలో మొనగాడు అనుకున్నోడు అందరితో సమానం అయిపోతాడు, చిన్నోళ్ల మొహాలు మాత్రం వెలిగిపోతుంటాయి. సీజన్ చివరికొచ్చేసరికి ఎడమకాలితో క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకి పాస్) వేసే పిల్లలు నలుగురైదుగురు తయారవుతారు.

ఇంకోటి, ఎత్తు పెరిగే ఆర్నెల్లు. నిన్నటిదాకా బాల్ కాలికి అతుక్కున్నట్టు ఆడినోడు ఉన్నట్టుండి తన కాళ్లే తన మాట విననట్టు తడబడతాడు, ఫస్ట్ టచ్ రెండు గజాలు పోతుంది. బద్ధకం అనుకుంటారు ఇంట్లో, ఫోన్ ఎక్కువైందంటారు. అది కాదండీ, కాళ్లు పొడుగయ్యాయి, వాటిని ఎలా వాడాలో శరీరం మళ్లీ నేర్చుకుంటోంది. అప్పుడు వాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టకూడదు, తిట్టకూడదు. అదే టైంలో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి, నొక్కితే గట్టిగా ఉబ్బు తగలడం, దాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు, మడమ నొప్పి అయితే సీవర్స్. ఎదిగే వయసులో పరుగులు, జంప్‌లు ఎక్కువున్న పిల్లలకి మామూలుగా వచ్చేవే, ఎదుగుదల ఆగాక చాలామందికి తగ్గిపోతాయి, కానీ స్ప్రే కొట్టి ఆడించే విషయం కాదు. డాక్టర్‌కి చూపించండి, మాకు చెప్పండి, పరుగు తగ్గిస్తాం, ఆ కొన్ని వారాలూ పాసింగ్ పని చేయిస్తాం.

అప్పుడప్పుడు గౌతమ్‌పుర వైపు పిల్లలతో ఫ్రెండ్లీలు ఆడతాం, హలసూరు దగ్గర పీలే విగ్రహం ఉన్న పేట అది. మావాళ్లు టర్ఫ్ మీద, గంట లెక్కన, కోచ్ చెప్పినట్టు నేర్చుకున్నోళ్లు. వాళ్లు సందులో, గోడకి కొట్టి, తమకన్నా పెద్దోళ్ల మధ్య ఆడి నేర్చుకున్నోళ్లు. ఇరుకులో బాల్ దొరికితే వాళ్లు తొణకరు. అందుకే ప్రతి ప్రాక్టీస్‌లో ఆఖరి ఇరవై నిమిషాలు మేం ఏమీ చెప్పం, బాల్ ఇచ్చి పక్కకి తప్పుకుంటాం, టీంలు వాళ్లే వేసుకుంటారు, గొడవలు వాళ్లే తీర్చుకుంటారు. లైన్ బయట నిలబడి "షూట్ చెయ్‌రా, పాస్ ఇవ్వురా" అని అరిచే నాన్నలకి కూడా ఇదే నా మనవి. మీరు అరిచిన క్షణంలో పిల్లాడు గ్రౌండ్‌ని వదిలి మీ వైపు చూస్తాడు, వెనక్కి చూడమని మేం నెలల తరబడి నేర్పింది ఆ ఒక్క చూపుతో పోతుంది. చప్పట్లు కొట్టండి, ఎంతైనా కొట్టండి.

ఆడపిల్లల గురించి. అండర్-13 దాకా మా టీం కలిపే ఆడుతుంది, ఈ వయసులో చాలామంది అమ్మాయిలు అబ్బాయిలకన్నా ముందు ఎదుగుతారు కాబట్టి బలంలో వెనకబడేదేం లేదు. ఆ తర్వాత ఎక్కడ ఆడాలి అనేదే సమస్య. ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడే కిక్‌స్టార్ట్ మన బెంగళూరు క్లబ్బే, దారి ఉంది, పదమూడుకే ఆపేయకండి.

ఇక మన తెలుగు ఇళ్ల దగ్గరికొస్తే ఎనిమిదో క్లాస్. ఐఐటీ ఫౌండేషన్ అని సాయంత్రాలన్నీ పోతాయి, సరిగ్గా పిల్లాడి ఒళ్లు ఎదిగి నేర్చుకున్నదంతా ఆటలోకి వచ్చే టైంలో టీం నుంచి మాయమైపోతాడు. నవంబర్ పిల్లాడికి ఇంకా అన్యాయం, వాడి ఎదుగుదల మొదలయ్యే ముందే ఆట అయిపోతుంది. చదువొద్దని నేను చెప్పట్లేదు, నేనూ ఇంజినీరింగ్ చదివే ఇక్కడికొచ్చా. అక్కా, వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం పొద్దున, అంతే అడుగుతున్నా, ఆ మూడు పూటలూ వదలండి, మ్యాచ్‌లు తగ్గిద్దాం, పరీక్షలప్పుడు సెలవిద్దాం, పేరు మాత్రం కొట్టేయొద్దు అని ఇంటింటికీ వెళ్లి మాట్లాడతా. కొందరు వింటారు. విన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు పదో క్లాస్‌లో ఉండి కూడా వస్తున్నారు, ఆ రెండు సాయంత్రాలే వాళ్లని నిలబెడుతున్నాయని అమ్మలే ఫోన్ చేసి చెప్తున్నారు.

ఈసారి ట్రయల్స్ జూన్‌లో మొదటి మూడు ఆదివారాలు, పొద్దున ఆరున్నరకి. కొత్త స్టడ్స్ కొనకండి, కొత్తవి వేసుకొస్తే కాలు కరిచి పిల్లాడు సరిగ్గా ఆడలేడు, అలవాటైన షూస్ చాలు, షిన్ గార్డ్స్ లేకపోతే మా దగ్గరున్నాయి. సైజ్ 4 బాల్స్ మేమే తెస్తాం. గంట ముందు రెండు ఇడ్లీ పెట్టండి, ఖాళీ కడుపుతో పంపకండి, నీళ్ల బాటిల్ పెద్దది ఇవ్వండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకురండి, చూసి వెంటనే ఇచ్చేస్తాం. మూడు ఆదివారాలూ రావాలి, ఊరెళ్లాల్సి వస్తే ముందే చెప్పండి, తర్వాత విడిగా చూస్తాం. వాన పడితే ఆరింటికల్లా గ్రూప్‌లో మెసేజ్ పెడతా.